ఎల్ సైజే కొన్నా ఆర్సెనల్ జెర్సీ బిగుతుగా ఉందంటే

మీ టీషర్టులన్నీ ఎల్, ఈ ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ జెర్సీ కూడా ఎల్లే, అయినా ఛాతీ దగ్గర, పొట్ట దగ్గర పట్టేస్తోంది, క్లబ్ లోగో కూడా కుట్టినట్టు లేదు, నకిలీయేమో అన్నారు కదా. టెన్షన్ పడకండి. బహుశా మీ చేతికొచ్చింది ఆటగాళ్లు వేసుకునే ‘అథెంటిక్’ రకం. తయారుచేసే అడిడాస్ కంపెనీ దీన్ని ఒంటికి అతుక్కునేలా సన్నగా కత్తిరిస్తుంది, జెర్సీ బరువు తగ్గించడానికి లోగోను వేడితో అతికిస్తుంది. అభిమానుల కోసం చేసే ‘రెప్లికా’ వదులుగా ఉంటుంది, దాని లోగో సాధారణంగా కుట్టుతోనో ఎంబ్రాయిడరీతోనో వస్తుంది. గత కొన్ని సీజన్ల జెర్సీ అయితే కింది అంచు దగ్గర చూడండి: హీట్.రెడీ అని ఉంటే అథెంటిక్, ఏరోరెడీ అని ఉంటే రెప్లికా. నకిలీ అనే అనుమానం ఇంకా పోకపోతే లోపలి చిన్న ట్యాగు మీది ఆర్టికల్ కోడ్‌ను నెట్‌లో వెతకండి. వేరే జెర్సీ కనిపిస్తే అది నకిలీయే. కోడ్ సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, ఆ కోడ్‌నూ కాపీ కొడతారు.

మార్చుకునేటప్పుడు అథెంటిక్‌లో ఎక్స్ఎల్ అడక్కండి. పొట్ట దగ్గర సర్దుకున్నా భుజాలు జారతాయి, పొడవు పెరుగుతుంది. రెప్లికా ఎల్ తీసుకోండి, ధర కూడా బాగా తగ్గుతుంది. ముందు మీకు చక్కగా సరిపోయే టీషర్టును పరిచి, చంక నుంచి చంకకు కొలిచి సైజు చార్టుతో పోల్చండి. చార్టులో జెర్సీ ఛాతీ చుట్టుకొలత ఉంటే మీ కొలతను రెట్టింపు చేయాలి. పాలిస్టర్ కాబట్టి వాడేకొద్దీ వదులవుతుందని ఆశ పెట్టుకోవద్దు.

అప్పటిదాకా ట్యాగులు తీయకండి, ఉతకకండి. వెనక పేరు ముద్రించి ఉంటే మాత్రం చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు, ఈరోజే అడిగి చూడండి.