తాతమ్మ బాయిలోకి దిగిందా?

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది ఘుగుస్. మా నానమ్మ వాళ్ళ అమ్మ బొగ్గు బాయిలోకి దిగి తట్టలు మోసిందట. ‘నేను కడుపులో ఉన్నప్పుడు కూడా దిగింది’ అని నానమ్మ చెప్తుంది. మా అన్నయ్యేమో ఫోన్‌లో చూసి, ఆడవాళ్ళు బాయి లోపల పనిచేయడం బ్రిటిష్ కాలంలోనే బంద్ అయింది, నానమ్మ ఏదో కల్పించి చెప్తోంది అన్నాడు. ఆమె రెండు రోజులుగా వాడితో మాట్లాడటం లేదు. ఎవరిది నిజం? ఇంకో మాట. నేను మైనింగ్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. నన్ను లోపలికి దిగనిస్తారా?
— ఒక విద్యార్థిని, చంద్రపూర్ జిల్లా

జవాబు: తల్లీ, ముందు మీ అన్నయ్యని తీసుకెళ్ళి నానమ్మ పక్కన కూర్చోబెట్టు. ఆమె చెప్పింది జరిగే ఉంటుంది. అన్నయ్య చదివిందీ అబద్ధం కాదు, సగం దగ్గర ఆపేశాడు, అంతే.

ఆడవాళ్ళని భూగర్భ గనుల్లోంచి తప్పించే నిబంధనలు 1929లో వచ్చాయి. బొగ్గు గనుల్లో ఒక్కసారిగా తీసేయకుండా ఏటా కొంతమందిని తగ్గించుకుంటూ పోయారు. 1937కి పూర్తిగా బంద్. మీ అన్నయ్య ఇక్కడిదాకా చదివాడు. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. రైళ్ళకీ ఫ్యాక్టరీలకీ బొగ్గు చాలలేదు. బాయి కూలీలు ఎక్కువ కూలి దొరికే మిలిటరీ పనులకి వెళ్ళిపోయారు. దాంతో 1943లో ఆ నిషేధం ఎత్తేసి, ఆడవాళ్ళని మళ్ళీ లోపలికి దింపారు. అప్పట్లో మన చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది, అక్కడా ఎత్తేశారు. 1946 ఫిబ్రవరిలో మళ్ళీ నిషేధం పెట్టారు. నానమ్మ ఏ సంవత్సరంలో పుట్టిందో ఒకసారి అడుగు. ఆ రెండున్నరేళ్ళలో పడిందంటే ఇంక వాదించడానికేం లేదు.

అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్, అంటే కార్మికుల శాఖ చూసే సభ్యుడు, ఎవరో తెలుసా? అంబేడ్కర్. ఆడవాళ్ళని దింపినందుకు ఢిల్లీలోని కేంద్ర అసెంబ్లీలో 1944 ఫిబ్రవరిలో సభ్యులు ఆయన్ని గట్టిగా నిలదీశారు. ఒకే పని చేస్తే మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఒకే కూలి అని పెట్టామని ఆయన సభలో జవాబు చెప్పారు. 1956లో నాగపూర్ తర్వాత ఆయన బౌద్ధ దీక్ష ఇచ్చింది మన చాందాలోనే కదా. ఏటా అక్టోబర్‌లో మా వాడ వాళ్ళు దీక్షాభూమికి వెళ్తుంటే నాకు ఈ కూలి సంగతే గుర్తొస్తుంది.

అసలు బాయి పని మొదట్లో ఆలుమగలు కలిసి చేసిన పని. ఝరియా, రాణిగంజ్ వైపు మగవాడు గైంతితో బొగ్గు కొట్టేవాడు, భార్య తట్టకెత్తి మోసుకెళ్ళి టబ్బు అనే చిన్న బండిలో పోసేది. అక్కడ ఆడకూలీని కామిన్ అనేవాళ్ళు. కూలి టబ్బు లెక్కన ఇచ్చేవాళ్ళు, ఇద్దరి కష్టం ఒకే ఇంటికి చేరేది. ఆమెని ఆపేశాక ఆ మోత కోసం ఇంకో మగవాణ్ణి జోడు పెట్టుకుని, టబ్బు డబ్బులో వాటా ఇవ్వాల్సి వచ్చింది. చీకట్లో, పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని చోట కడుపుతో ఉన్న మనిషి తట్ట మోయకూడదు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆమెని బయటికి పంపినవాళ్ళు ఆ ఇంటికి తగ్గిన కూలి ఎక్కణ్ణుంచి వస్తుందో చూడలేదు. నాకు కోపం అక్కడే.

మా అమ్మ సంగతి చెప్తాను. బల్లార్షా వైపు ఒక కాలరీలో (బొగ్గు గనిలో) ఆమె బాయి పైన బొగ్గులోంచి రాయి ఏరేది. అప్పట్లో 1952 గనుల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి పైన పనే, అదీ పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడు లోపల. చిన్నప్పుడు నన్ను కళ్ళు మూసుకోమని రెండు చేతుల్లో రెండు ముక్కలు పెట్టేది. ‘ఏది బొగ్గో చెప్పు’ అనేది. రెండూ నలుపే, రెండూ ఒకే సైజు. రాయి ముక్క అరచేతిని కిందికి లాగుతుంది, బొగ్గు తేలిక. పగిలిన చోట బొగ్గు మెరుస్తుంది, రాయి మెరవదు. రోజంతా అలా ఏరి ఏరి ఆమె వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. వేలిముద్ర వేయమంటే రెండుమూడు సార్లు వేయించేవాళ్ళు.

1973లో గనులు ప్రభుత్వం చేతికి వచ్చాక జీతం బాగుపడింది. తర్వాత మిషన్లు వచ్చాయి, ఆడవాళ్ళకి పని లేదన్నారు. ముందే రిటైరయి ఉద్యోగం కొడుక్కి ఇవ్వొచ్చని స్కీమ్ పెట్టారు. అమ్మ మా తమ్ముడికి ఇచ్చేసింది. నేను పెద్దదాన్ని, పదో తరగతి పాసయ్యాను. నా పేరు ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు, ఇంట్లోనూ ఎత్తలేదు. అమ్మ మాత్రం నెల రోజులపాటు పొద్దున ఐదింటికే లేచి, నెత్తిమీద పెట్టుకునే చుట్టబట్ట కోసం వెతుక్కునేది.

ఇక నీ సంగతి. 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజర్ పనులకి ఆడవాళ్ళు బాయి లోపలికి దిగే వీలు వచ్చింది. నువ్వు రాసి ఇచ్చిన ఒప్పుకోలు ఉండాలి, ఒంటరిగా పంపకూడదు, కనీసం ముగ్గురు ఉండాలి అని అందులో రాశారు. 2021లో ఝార్ఖండ్‌లోని చూరీ భూగర్భ గనిలో ఆకాంక్ష కుమారి అనే మైనింగ్ ఇంజనీర్ డ్యూటీకి దిగింది. కోల్ ఇండియాలో అలా దిగిన మొదటి మహిళా ఇంజనీర్ ఆమె. డిప్లొమా కాగానే ఆగిపోకు, ఓవర్‌మన్ (బాయి లోపల పని చూసుకునే సూపర్‌వైజర్) సర్టిఫికెట్‌కి కూడా చదువు. అది ధన్‌బాద్‌లోని డీజీఎంఎస్, అంటే గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ, ఇస్తుంది. టెన్షన్ పడకు, నీకింకా టైముంది.

ఈలోపు నా కోసం ఒక పని చెయ్యి. తాతమ్మ ఏ కాలరీలో దిగింది, చేతిలో ఏ దీపం ఉండేది, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వెళ్ళేది, ఇవన్నీ నానమ్మని అడుగు. ఆమె చెప్తుంటే మీ అన్నయ్యతోనే రాయించు. ఆ కాగితం నాకు పంపితే మన శీర్షికలో వేద్దాం.