సున్నా వచ్చినా రాయి, అమ్మణ్ణీ

ముత్తుకూరు

అమ్మణ్ణికి పెదనాన్న ఆశీస్సులు.

దక్షిణ మహాసముద్రంలో చేప పిల్లల మీద పనికి పోతున్నావని మీ నాన్న చెప్పాడు. కేప్‌టౌన్‌లో ఓడెక్కి, అంటార్కిటికాలో మన భారతి పరిశోధన స్టేషన్ ఉన్న ప్రిడ్జ్ బే దాకా అంట కదా. చెప్పలేనంత సంతోషంగా ఉంది. 1981లో మనవాళ్ల మొదటి అంటార్కిటికా యాత్రను నడిపించిన ఖాసిం గారు కూడా సముద్ర జీవశాస్త్రవేత్తే. ఉద్యోగమంతా ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, పిల్లలు) సీసాల ముందే గడిపినవాణ్ణి గనక నాకు తోచింది రాస్తున్నా.

పిల్ల ఎక్కడుందో తెలియాలంటే ముందు నీళ్లని చూడు. మన పులికాట్‌లో పోటుతో పాటు రొయ్య పిల్లలు, చేప పిల్లలు ముఖద్వారం గుండా లోపలికొస్తాయి. ఇసుక మేట వేసి ఆ దారి పూడితే సరస్సులో వేట పడిపోతుంది. అక్కడ మంచు కూడా అంతే, పిల్లల రాతని అదే తేలుస్తుంది. సిల్వర్‌ఫిష్ అనే అంటార్కిటికా చేప గుడ్లు అక్కడి రాస్ సముద్రంలోని టెర్రా నోవా బేలో మంచు అడుగునే దొరికాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, చుట్టూ నీళ్లేమో మైనస్ 1.9 డిగ్రీల దగ్గర. మంచు విరిగి, ఎండ తగిలి, నీళ్లలో నాచు పెరిగి, దాన్ని తినే కోపిపాడ్లు (రొయ్య జాతికి దగ్గరి చిన్న జీవులు) వచ్చే వేళకి ఆ పిల్ల మేతకు సిద్ధంగా ఉండాలి. మంచు మరీ ముందే పోయినా, ఆలస్యమైనా దానికి తిండి కుదరదు. ఖండం అంచు మీద నీకు ఎక్కువగా పడేవి ఈ సిల్వర్‌ఫిష్ పిల్లలే. అంచు దాటి లోతుకు పోయావా, లాంతరు చేపల పిల్లలు మొదలవుతాయి. అందుకే ప్రతి వలకీ లోతు, ఉష్ణోగ్రత, ఉప్పదనం, మంచు ఎంత మేర కప్పిందో అక్కడికక్కడే రాసుకో. తర్వాత రాద్దాంలే అనుకుంటే ఆ చలికి, అలసటకి ఏదీ గుర్తుండదు.

వల ఖాళీగా వచ్చిందా, సున్నా అని రాయి. ఖాళీ వలని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కానీ సున్నాలు లేని మ్యాపు చూస్తే చేపలు సముద్రమంతా ఉన్నట్టే అనిపిస్తుంది. అయితే ఆ సున్నాని నమ్మొచ్చా లేదా అన్నది కూడా చూడాలి. వలలోంచి ఎన్ని నీళ్లు పోయాయో కొలిచే ఫ్లోమీటరు సరిగా తిరిగిందా? నాచు పట్టి వల కళ్లు మూసుకుపోయాయా? కాస్త పెరిగిన పిల్లలు వెలుతురులో వలని చూసి తప్పుకుంటాయి, అందుకే మనం ఇక్కడ రాత్రిపూట లాగుతాం. అక్కడ నడి వేసవిలో పొద్దు గుంకదు, నీకు ఆ వీలుండదు. మంచు కింద సంగతి ఇంకా కష్టం. ఆర్కిటిక్‌లో పోలార్ కాడ్ అనే చేప పిల్లలు మంచు అడుగున పగుళ్లలో దాక్కుంటాయి, మామూలు వలలకి అందవు. మంచు కింద బతికేవాటిని పట్టడానికి మంచు కిందగా లాగే వలని ప్రత్యేకంగా చేసుకున్నారు. అలాంటి వల లేనప్పుడు 'ఇక్కడ పిల్లలు లేవు' అని రాయకు, 'మా వలకి పడలేదు' అని రాయి.

మైక్రోస్కోపు కింద ముందు రెండు నల్ల కళ్లే కనిపిస్తాయి. ఒళ్లంతా పారదర్శకం. కాసేపు చూస్తే పొట్ట మీద, తోక దగ్గర నల్ల చుక్కల వరస తేలుతుంది. ఆ చుక్కలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో బొమ్మ గీసుకో, జాతి తేల్చడానికి చాలావరకు అవే ఆధారం. మూతి పొడుగ్గా, నోరు పెద్దగా ఉంటే ఐస్‌ఫిష్ పిల్ల కావచ్చు. దాని రక్తంలో హిమోగ్లోబిన్ ఉండదు. అది తోటి చేప పిల్లల్ని కూడా మింగుతుంది, పొట్ట కోసి చూడకుండా పక్కన పెట్టకు.

పట్టిన పిల్లలన్నిటినీ చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో పోయొద్దు. దాంట్లో బోరాక్స్ పొడి కలపకపోతే పిల్ల చెవిలోని ఓటోలిత్ అనే చిన్న రాయి కరిగిపోతుంది. పిల్ల ఎన్నాళ్ల కిందట పుట్టిందో అంచనా వేసేది దాని వలయాలు లెక్కపెట్టే. డీఎన్ఏ కూడా ఫార్మలిన్‌లో చెడిపోతుంది. కొన్నిటిని ఆల్కహాల్‌లో పెట్టు, మర్నాడు ఆ ఆల్కహాల్ మార్చు. రెండింట్లోనూ పిల్ల కుంచించుకుపోతుంది, పొడుగు ముందే కొలుచుకో. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యి, పెన్ను ఇంకు ఆల్కహాల్‌కి చెదిరిపోతుంది.

బయల్దేరే ముందు ఒకసారి ఇంటికి రా. ఫ్లోమీటరు రీడింగ్ నుంచి నీళ్ల లెక్క ఎలా కట్టాలో కూర్చోబెట్టి చెప్తాను.

పెదనాన్న