జీఐ బిల్లు ఉంటే ప్రైవేటు కాలేజీ ఫ్రీయేనా?

"మావాడు అమెరికా ఆర్మీలో మూడేళ్లు చేసొచ్చాడండీ. ఇక ఏ కాలేజీలో చేరినా గవర్నమెంటే కడుతుందట కదా!" అని మొన్న ఒకాయన సంబరంగా ఫోన్ చేశారు. ఏ కాలేజీ అని అడిగితే ప్రైవేటు కాలేజీ అన్నారు. ఏడాది ట్యూషన్ 62 వేల డాలర్లు. ఆ లెక్కన ఆయన విన్నదాంట్లో సగమే నిజం.

స్టేట్ యూనివర్సిటీ అయితే ఆయన మాట ఖాయం. పోస్ట్ 9/11 జీఐ బిల్లు అంటే సైన్యంలో చేసొచ్చినవాళ్లకి చదువు ఖర్చు ఇచ్చే పథకం. అందులో నూరు శాతం అర్హత ఉన్నవాళ్లకి అక్కడ ఇన్-స్టేట్ ట్యూషన్ (ఆ రాష్ట్రం వాళ్లకుండే ఫీజు) మొత్తం వీఏ, అంటే మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ, కట్టేస్తుంది. ప్రైవేటు కాలేజీకి మాత్రం ఏడాదికి ఇంతే అని పరిమితి ఉంది. 2025 ఆగస్టు 1 నుంచి 2026 జూలై 31 దాకా అది 29,920.95 డాలర్లు. అంటే మిగతా 32 వేల పైచిలుకు ఈయన నెత్తినే.

ఆ తేడాకే ఎల్లో రిబ్బన్ ప్రోగ్రాం. కాలేజీ తన వంతుగా ఎంత ఇస్తే వీఏ కూడా అంతే కలుపుతుంది. కాలేజీ 16 వేలు ఇస్తే వీఏ ఇంకో 16 వేలు ఇస్తుంది, దాదాపు సరిపోతుంది. చిక్కేమిటంటే ఎంత ఇవ్వాలి, ఎంతమందికి ఇవ్వాలి అనేది కాలేజీ ఇష్టం. ఒకే యూనివర్సిటీలో లా స్కూల్ ధారాళంగా ఇస్తుంది, బ్యాచిలర్స్‌కి చెయ్యి బిగిస్తుంది. మా మేనల్లుడి విషయంలో మేం బోల్తా పడింది ఇక్కడే. వెబ్‌సైట్‌లో ఎల్లో రిబ్బన్ అన్న మాట చూసి డిపాజిట్ కట్టేశాం. తీరా చూస్తే వాడి కోర్సుకున్న కొద్దిపాటి సీట్లూ అప్పటికే నిండిపోయాయి. మొదటి ఏడాది లోన్ తీసుకోక తప్పలేదు.

అందుకే ఫోన్ చేసినాయన్ని ముందు కాలేజీలో స్కూల్ సర్టిఫైయింగ్ అఫీషియల్‌కి (అక్కడ జీఐ బిల్లు వ్యవహారాలు చూసే ఉద్యోగికి) ఈమెయిల్ పెట్టమన్నాను. మా కోర్సుకి ఏడాదికి ఎంత, ఎంతమందికి, ఒకసారి ఇచ్చాక ప్రతి ఏడాదీ కొనసాగుతుందా, ఇంకా సీట్లున్నాయా అని అడగాలి. ఫోన్లో చెప్పారని ఊరుకోవద్దు, రాతపూర్వకంగా తీసుకోవాలి. వీఏ వాళ్ల జీఐ బిల్ కంపారిజన్ టూల్‌లో కూడా ఈ లెక్కలు దొరుకుతాయి.

ఎల్లో రిబ్బన్‌కి నూరు శాతం అర్హత తప్పనిసరి. మామూలుగా అయితే దానికి 36 నెలల యాక్టివ్ డ్యూటీ (పూర్తికాలపు సైనిక సేవ) ఉండాలి. 30 నెలలు చేసినవాళ్లకి 90 శాతమే, వాళ్లకి ఎల్లో రిబ్బన్ అసలు రాదు. పార్ట్‌టైమ్ సైనిక దళమైన నేషనల్ గార్డ్‌లో చేరిన మన పిల్లలు నెలకో వీకెండ్ డ్రిల్‌కి వెళ్లి అదీ కలుస్తుందనుకుంటారు. కలవదు.

స్కాలర్‌షిప్ దగ్గర ఇంకో మెలిక ఉంది. "ట్యూషన్‌కి మాత్రమే" అని రాసి ఇస్తే, దాన్ని మినహాయించాకే వీఏ తన వాటా లెక్కేస్తుంది. హాస్టల్‌కీ తిండికీ కూడా వాడుకునేలా ఇవ్వగలరేమో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుని అడిగితే పోయేదేం లేదు.

ఇంటి అద్దె భత్యం క్యాంపస్ జిప్‌కోడ్‌ని బట్టి వస్తుంది. అన్ని క్లాసులూ ఆన్‌లైన్ అయితే బాగా తగ్గిపోతుంది. పుస్తకాలకి ఏడాదికి వెయ్యి డాలర్ల దాకా ఇస్తారు. ఇదంతా 36 నెలలకే. ఏడాదికి తొమ్మిది నెలల చొప్పున నాలుగేళ్ల డిగ్రీకి సరిగ్గా సరిపోతుంది, మధ్యలో సబ్జెక్టులు వదిలేస్తే మాత్రం సరిపోదు. పైగా వీఏ అప్పటికే కట్టిన డబ్బు వెనక్కి అడగొచ్చు.

మావ్నీ (గ్రీన్‌కార్డు లేకుండా వీసా మీద ఉన్న కొందరిని సైన్యంలోకి తీసుకున్న పథకం) ద్వారా ఆర్మీలో చేరిన మనవాళ్ల పిల్లలు ఇప్పుడు హైస్కూల్‌కి వస్తున్నారు. మీ జీఐ బిల్లు బెనిఫిట్ పిల్లలకి రాసివ్వాలంటే సర్వీసులో ఉండగానే రాయాలి. అప్పటికి ఆరేళ్లు పూర్తయి ఉండాలి, ఇంకో నాలుగేళ్లు చేస్తానని ఒప్పుకోవాలి. నాకు తెలిసిన ఒకాయన మంచి ఉద్యోగం వచ్చిందని ముందే బయటికొచ్చేశారు. ఇప్పుడు కూతురి కాలేజీ ఫీజు చూసి తల పట్టుకుంటున్నారు. అన్నట్టు, మావ్నీలో కొత్తవాళ్లని తీసుకోవడం 2016లోనే ఆగిపోయింది. ఎఫ్-1, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఇప్పుడు ఆ దారి లేదు, గ్రీన్‌కార్డైనా ఉండాలి.

ఇంతకీ ఆ తండ్రిగారు ఈమెయిల్ పంపారు. డిపాజిట్‌కి మే 1 గడువట. జవాబు వచ్చేదాకా కార్డు బయటికి తీయొద్దనీ, స్టేట్ యూనివర్సిటీ ఆఫర్ అప్పుడే వదులుకోవద్దనీ చెప్పాను.