అంటార్కిటికా శిఖరానికి అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 34. అంటార్కిటికాలోని విన్సన్ శిఖరం ఎక్కాలన్నది ఎన్నో ఏళ్ల కోరిక. గైడ్లతో కలిపి ప్యాకేజీకి 52,000 డాలర్లని కొటేషన్ వచ్చింది. మా కరెన్సీని డాలర్లలోకి మార్చి చెబుతున్నాను: దాచుకున్నది మొత్తం 26,000, నెలకు మిగిలేది 1,100. రెండేళ్లలో వెళ్లొచ్చు కదా? టికెట్లకు, సామగ్రికి పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను.

జవాబు: మీ కూడికలో తప్పు లేదు. రెండేళ్లలో 26,400 పోగై, కొటేషన్‌లో ఉన్న డబ్బు చేతికొస్తుంది. కానీ దాచుకున్నది మొత్తం అన్నారంటే మీ అత్యవసర నిధి కూడా అందులోనే ఉన్నట్టు. ఆరు నెలల ఇంటి ఖర్చుకు 6,000 అనుకుని దాన్ని వేరే ఖాతాలోకి మార్చేయండి. తిరిగొచ్చాక మంచు కాటుకు గురైన వేళ్లతో రెండు నెలలు ఇంట్లోనే ఉండాల్సి వస్తే, ఇల్లు గడిచేది ఆ డబ్బుతోనే. యాత్రకు మీ దగ్గరున్నది 20,000.

ఇప్పుడు ఆ కొటేషన్ మళ్లీ తీసి, ‘ప్యాకేజీలో కలవనివి’ అన్న భాగం నిదానంగా చదవండి. సాధారణంగా చిలీలోని పుంతా అరీనాస్ వరకు రానూపోనూ టికెట్లు, అక్కడి హోటల్, సొంత సామగ్రి, ఇన్సూరెన్స్ అందులోనే ఉంటాయి. నా అంచనాలో టికెట్లు, బసకు 3,000, బట్టలు, బూట్లు, సామగ్రికి 6,000, ఇన్సూరెన్స్‌కు 1,500, ముందుగా ఏదైనా మంచు పర్వతం మీద శిక్షణకు 4,000 అవుతాయి. వీటికి ఆలస్యాల కోసం 5,500 కలపండి. ప్యాకేజీతో మొత్తం 72,000.

ప్యాకేజీ ధరలో బేరానికి పెద్దగా చోటుండదు. పుంతా అరీనాస్ నుంచి అంటార్కిటికాలోని యూనియన్ గ్లేసియర్ అనే హిమానీనదానికి నాలుగు గంటలకు పైగా విమానం, అక్కడి నుంచి బేస్ క్యాంపుకు స్కీలున్న చిన్న విమానం. ఇంధనం, తిండి అన్నీ బయటి నుంచే రావాలి. మనిషి మలంతో సహా చెత్తను వెనక్కి తేవాలి.

ఆలస్యాలకు 5,500 ఎందుకంటారా? యూనియన్ గ్లేసియర్‌లో విమానం దిగేది గట్టి నీలి మంచు మీద. పక్క గాలి ఎక్కువైతే దిగడం కుదరదు. బ్యాగులు ముందే అప్పగించేసి, హోటల్ గదిలో ఫోన్ పక్కన కూర్చుంటారు. ‘ఇవాళ లేదు, రేపు పొద్దున చెబుతాం’ అంటారు. అలాంటి ప్రతి ఫోన్‌కూ ఒక రోజు గది అద్దె, తిండి ఖర్చు. తిరుగు ప్రయాణంలోనూ ఇదే టెన్షన్. కాబట్టి కాస్త ఎక్కువైనా తేదీ మార్చుకోగలిగే టికెట్ కొనండి. నాలుగు వారాల సెలవు అడగండి. అందులో జీతం రాని రోజులుంటే ఆ నష్టాన్నీ ఖర్చులో రాసుకోండి.

సామగ్రిలో లావుపాటి పార్కా (టోపీ ఉన్న చలికోటు), స్లీపింగ్ బ్యాగ్ అద్దెకు దొరికితే తీసుకోండి. డబుల్ బూట్లు (లోపల విడిగా ఇంకో మెత్తటి బూటు ఉండేవి) మాత్రం సొంతంగా కొనండి. మందపాటి సాక్సులతో వేసుకుని వాలు మీద దిగి చూడండి. వేళ్లు ముందుకు తగిలితే ఆ సైజు వద్దు.

మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి పర్వతారోహణ వర్తించదు. అంటార్కిటికా పేరు, విన్సన్ ఎత్తు 4,892 మీటర్లు, అత్యవసర తరలింపు ఈ మూడింటికీ కవరేజీ ఉందని రాతపూర్వకంగా తీసుకోండి. జీవిత బీమా కంపెనీకి కూడా ఈ యాత్ర సంగతి చెప్పండి.

ఇక లోన్. దయచేసి వద్దు. వడ్డీ ఒక కారణమే, కానీ నా భయం వేరే. శిఖరానికి ముందు చివరి మజిలీ అయిన హైక్యాంపు సుమారు 3,780 మీటర్ల దగ్గర ఉంటుంది. శిఖరానికి ఇంకా 1,100 మీటర్లు ఎక్కాలి. గాలి లేస్తోంది, వెనక్కి తిరుగుదామని గైడ్ అంటాడు. ఇంటి దగ్గర మూడేళ్ల ఈఎంఐలు ఎదురుచూస్తున్న మనిషికి ‘సరే’ అనడం ఎంత కష్టమో ఆలోచించండి. శిఖరం అందకుండానే తిరిగొచ్చినా మీ ఇంటిని కుదిపేయని డబ్బుతోనే మీరు ఆ కొండ దగ్గరకు వెళ్లాలని నా కోరిక.

అందుకే రెండేళ్లు కాదు, నాలుగేళ్లు పెట్టుకోండి. 48 నెలలకు 52,800, చేతిలో ఉన్న 20,000 కలిపితే 72,800. అప్పటికి ధర పెరుగుతుంది. వడ్డీ, ఏటా వచ్చే బోనస్ ఆ పెరుగుదలకు వదిలేయండి. ఈ డబ్బును షేర్లలో పెట్టకండి. సరిగ్గా బయల్దేరే ఏడాదే మార్కెట్ పడిపోతే కోలుకోవడానికి టైమ్ ఉండదు. డిపాజిట్లలో ఉంచి, చివరి రెండేళ్లలో మూడు నెలలకోసారి కొంత డాలర్లలోకి మార్చుకోండి. స్పాన్సర్లు మాటిచ్చినా, బ్యాంకులో పడేదాకా ఆ మొత్తాన్ని లెక్కలో వేయొద్దు.

అడ్వాన్స్ కట్టే ముందు నిర్వాహకుల్ని రెండు ప్రశ్నలు తప్పక అడగండి: ప్రయాణానికి ఎన్ని రోజుల ముందు మానుకుంటే ఎంత తిరిగిస్తారు? మిగతా డబ్బు కట్టడానికి చివరి తేదీ ఏది? ఆ తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, దానికి నెల ముందు ఒకసారి డాక్టర్ దగ్గర పూర్తి పరీక్షలు చేయించుకోండి. ఫలితాలు చూశాకే ఆ పెద్ద మొత్తం పంపండి.