గోడకున్న మేకు

తమ్ముడూ,

చిత్రప్రదర్శన మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యానికి మంచి తూగుంది. కానీ నాలుగు పేజీల నిండా చిత్రకారుడి పుట్టుక, పెళ్లి, అప్పులు, జబ్బులే. బొమ్మ ఎక్కడా కనిపించలేదు. పక్కన అంటించిన చీటీ ముందు చదివేసి, అందులో ఉన్నదాన్నే బొమ్మలో వెతుక్కున్నావు కదూ? నొచ్చుకోకు, నేనూ చాన్నాళ్లు ఆ పనే చేశాను.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో డచ్ చిత్రకారుడు వెర్మీర్ బొమ్మ ఒకటుంది. పాలు వంపుతున్న పనమ్మాయి. 1660 ప్రాంతంలో వేసింది, అడుగున్నర ఎత్తుంటుందంతే. ఎవరి చూపైనా ముందు ఆ సన్నటి పాలధార మీదికే పోతుంది. ఇంకాస్సేపు నిలబడితే వెనకున్న తెల్లగోడ కనిపిస్తుంది. గోడకో మేకు. మేకుకు నీడ. అక్కడక్కడా మేకులు పీకేసిన చిల్లులు. పాలు వంపడానికి వీటితో పనేముంది? 2022లో పరిశోధకులు పరికరాలతో రంగు పొరల కింద వెతికితే, ఆ గోడ మీదే ఆయన మొదట కూజాలు తగిలించే చట్రం ఒకటి వేసి, తర్వాత దాన్ని రంగుతో కప్పేశాడని తేలింది. కింద నిప్పుల బుట్టనీ అలాగే తీసేశాడు. కూజాలు పోయాయి, మేకు మిగిలింది!

మనిషి దొరికేది ఇలాంటి చోటే. వెర్మీర్ ఉత్తరాలూ డైరీలూ మనకు మిగల్లేదు. బొమ్మలైనా ఓ ముప్ఫై అయిదుకు అటూఇటూ. 1675లో పోయేనాటికి పదకొండుమంది పిల్లలు, మీద అప్పులు. ఇంట్లో అంత గోల కాబట్టే గదులు అంత నిశ్శబ్దంగా వేశాడని చీటీ చదివినవాడు చెప్పేస్తాడు. కావచ్చు, కాకపోనూ వచ్చు. మేకు చిల్లు దగ్గర కూడా ఆగిన ఓపిక మాత్రం ఎవరి ఊహా కాదు, గోడ మీదే ఉంది.

మరో డచ్ చిత్రకారుడు వాన్ గో విషయంలో మనం చేసిన అన్యాయం చూడు. గోధుమచేను మీద కాకులెగిరే బొమ్మ చూడగానే అందరికీ చావే కనిపిస్తుంది, అదే ఆఖరిదన్న ప్రచారం వల్ల. 1890 జులైలో వేశాడు, 29న పోయాడు, నిజమే. కానీ దాని తర్వాతా బొమ్మలు వేశాడు. ఆ చేల గురించి తమ్ముడికీ మరదలికీ రాసిన ఉత్తరంలో దిగులూ ఒంటరితనంతో పాటు పల్లెపట్టు ఇచ్చే ఆరోగ్యం, బలం సంగతీ ఉంది. మనం సగమే చెవిన వేసుకున్నాం.

ఈసారి వెళ్లినప్పుడు చీటీ ఆఖర్న చదువు. చెయ్యి ఎక్కడ నిదానించింది, ఎక్కడ విసుగ్గా దాటేసింది, ఎక్కడ మనసు మార్చుకుంది, అది చూడు. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో, స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ తమ రాజు నాలుగో ఫిలిప్‌ని గుర్రం మీద వేసిన బొమ్మ ఉంది. ఆ గుర్రం వెనక కాళ్ల దగ్గర, ముందు గీసి వద్దనుకున్న కాళ్లు ఇప్పటికీ లీలగా కనిపిస్తాయి. రాజుగారి ఠీవి కన్నా నాకు ఆ తడబాటే ఇష్టం.

అన్నట్టు, నీ వ్యాసం మూడో పేజీలో కాపలా మనిషి ఖాళీ కుర్చీ మీద రెండు వాక్యాలున్నాయి. నిన్నెవరూ అడగలేదు, విషయానికీ అక్కర్లేదు. నాలుగు పేజీల్లో నువ్వు కనిపించింది అక్కడే. అవి ఉంచి, మిగతాదంతా మళ్లీ రాసి పంపు.

అక్క