ఆక్లండ్‌లో దిగాక క్రైస్ట్‌చర్చ్ ఎంత దూరం?

న్యూజిలాండ్‌లో మా ఊరు క్రైస్ట్‌చర్చ్‌కు చదువుకోవడానికి వస్తున్న ఒక అమ్మాయి అడిగింది: "అన్నగారూ, ఉదయం పదింటికి ఆక్లండ్‌లో దిగుతున్నాను. పదకొండున్నరకు క్రైస్ట్‌చర్చ్ విమానం చవగ్గా ఉంది. కొనేయనా? ఎంతసేపు పడుతుంది?"

ఆక్లండ్ ఉత్తర దీవిలో ఉంది, క్రైస్ట్‌చర్చ్ దక్షిణ దీవిలో. ఆకాశమార్గాన దాదాపు 750 కిలోమీటర్లు. విమానంలో గంటన్నర కూడా పట్టదు. హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లడంకన్నా కాస్త ఎక్కువ, అంతే. అయినా ఆ పదకొండున్నర టికెట్ మాత్రం కొనకండి.

న్యూజిలాండ్‌లో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్, అక్కడే సామాను తనిఖీ. పెట్టెలకు క్రైస్ట్‌చర్చ్ అని చీటీ అంటించినా ఆక్లండ్‌లో మీరే తీసుకుని తనిఖీ దాటించాలి. ఈ దేశానికి పాస్‌పోర్టు కంటే విత్తనాలు, ఆకులు, పురుగుల మీదే ఎక్కువ అనుమానం! తినేవి ఏమున్నా ముందే రాసి చూపించాలి. దాచి దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా.

నేను వచ్చినప్పుడు ఆవకాయ, పొడులు అన్నీ బుద్ధిగా రాశాను. వాసన పట్టే కుక్క ఒకటి వచ్చి నా పెట్టె పక్కనే కూర్చుంది. అధికారి ఒక్కొక్కటే తీసి చూసి, చివరికి రైస్ కుక్కర్ మూత ఎత్తారు. లోపల తడి గుడ్డలో చుట్టిన కరివేపాకు. అమ్మ పని! ఆహారం ఉందని రాసి ఉన్నాను కాబట్టి జరిమానా తప్పింది, కరివేపాకు చెత్తబుట్టలోకి పోయింది. పెట్టెలు మళ్లీ సర్దుకుని బయటపడేసరికి నా విమానం గాలిలో ఉంది. టికెట్ విడిగా కొన్నాను కాబట్టి ఆ డబ్బు తిరిగి రాలేదు.

తనిఖీ అయ్యాక కూడా పని ఉంటుంది. దేశీయ టెర్మినల్ వేరే భవనం. నేల మీద గీసిన ఆకుపచ్చ గీత వెంట నడిస్తే పది నిమిషాలు, ఉచిత బస్సు కూడా ఉంది. విమానం బయలుదేరడానికి కనీసం అరగంట ముందే సామాను తీసుకోవడం ఆపేస్తారు. అందుకే రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి, రెండూ ఒకే టికెట్ మీద తీసుకోండి. నన్నడిగితే సింగపూర్ నుంచి నేరుగా క్రైస్ట్‌చర్చ్‌కే వచ్చేయడం మేలు. తనిఖీ ఇక్కడా ఉంటుంది కానీ, అందుకోవలసిన విమానం ఉండదు.

కొందరు కారులో వస్తామంటారు. ఉత్తర దీవి కొసన ఉన్న వెల్లింగ్టన్ దాకా 640 కిలోమీటర్లు, ఆపైన ఓడలో మూడున్నర గంటలు, దక్షిణ దీవిలోని పిక్టన్‌లో దిగాక మరో 340 కిలోమీటర్లు. దారి అందంగా ఉంటుంది, కానీ దిగిన రోజున పెట్టుకునే పని కాదు.

ఇక్కడ స్థిరపడ్డాక దేశంలోపలి ప్రయాణాలు మన ఊరి బస్సెక్కినంత తేలిక. చిన్న విమానాలకైతే భద్రతా తనిఖీ కూడా ఉండదు. మొదటిసారి ఎక్కినప్పుడు మా అమ్మ, "మనల్ని ఎవరూ చూడనే లేదు, మళ్లీ దింపేస్తారేమో" అని విమానం కదిలేదాకా బ్యాగు ఒడిలోనే పెట్టుకుని కూర్చుంది.

అన్నట్టు, బయలుదేరే రోజు ఇంట్లోనే ఒకసారి కుక్కర్ మూత తీసి చూసుకోండి.