ఎయిర్‌బ్రష్ స్టెన్సిల్స్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చిన్న మోడల్ విమానాలకీ ట్యాంకులకీ ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పెన్నులాంటి పరికరం) రంగులు వేస్తుంటాను. నంబర్లు, గుర్తుల కోసం చార్టు పేపరు కోసి వాడుతున్నాను. రెండోసారికే తడిసి వంకర పోతోంది. మళ్లీ మళ్లీ వాడుకునే స్టెన్సిల్ దేనితో చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పాలియెస్టర్ ఫిల్మ్‌తో చేసుకోండి. మైలార్ షీట్ అని అడిగితే ఇస్తారు. మినియేచర్లకి 100 నుంచి 125 మైక్రాన్ల మందం సరిపోతుంది. 190 మైక్రాన్లది ఎక్కువ కాలం మన్నుతుంది గానీ, చిన్న వంపులు చేత్తో కోయడం కష్టం. పైగా అంచు ఎత్తుగా ఉండి, దాని పక్కన రంగు గట్టులా పేరుకుంటుంది.

ఓహెచ్‌పీ షీట్లు కూడా పనికొస్తాయి. కాకపోతే వాటిలో కొన్ని ఎసిటేట్‌వి ఉంటాయి, అవి ఎసిటోన్ తగిలితే పాడైపోతాయి. కొనేముందు ఒక ముక్క అడిగి, అంచు పట్టుకుని చింపి చూడండి. సర్రున చిరిగితే ఎసిటేట్, మొండికేస్తే పాలియెస్టర్.

ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ములుంటే డబ్బు పెట్టక్కర్లేదు, వాటి అడుగున ఉండేది పాలియెస్టరే. చేతులకి గ్లోవ్స్ వేసుకుని, ప్లాస్టిక్ ట్రేలో మామూలు బ్లీచ్ ద్రావణం పోసి నాననిస్తే నల్ల పొర జారిపోతుంది. తర్వాత బాగా కడగండి. ఆ బ్లీచ్‌లో టాయిలెట్ క్లీనర్ లాంటి యాసిడ్ చుక్క కూడా కలవకూడదు, విషవాయువు పుడుతుంది. ఈమధ్య వస్తున్న డిజిటల్ ప్రింట్ ఫిల్ముల్లో కొన్నిటికి పొర అంత తేలిగ్గా ఊడదు. అలాంటప్పుడు ఫిల్మ్‌లోంచి కింది బొమ్మ కనిపించదు కాబట్టి, బొమ్మ ప్రింటుని ఫిల్మ్ కింద కాకుండా పైన అంటించి, రెంటినీ కలిపి కోయండి.

కోసేటప్పుడు బ్లేడు కొత్తదై ఉండాలి. హాబీ కత్తికి 11వ నంబరు బ్లేడు పెట్టుకోండి. ఒక్క గాటుతో తెగ్గొట్టాలని నొక్కితే బ్లేడు జారుతుంది. తేలిగ్గా రెండు మూడు సార్లు గీసి, ఫిల్మ్‌ని కొద్దిగా వంచితే ముక్క దానంతటదే ఊడుతుంది. వంపుల దగ్గర కత్తిని తిప్పకుండా ఫిల్మ్‌ని తిప్పండి. చిన్న రంధ్రాలు ముందు, పెద్దవి తర్వాత. పెద్దవి ముందే కోస్తే ఫిల్మ్ బలం పోయి, చిన్నవి కోసేటప్పుడు కదులుతుంది. గాటు పడిన వైపు అంచు కొంచెం పైకి లేస్తుంది కాబట్టి ఆ వైపుని ఎప్పుడూ పైనే ఉంచండి. నున్నటి వైపు మోడల్‌కి ఆనాలి.

ప్రశ్న: భారత వైమానిక దళం గుండ్రటి గుర్తు కోయబోతే మధ్య ముక్కలు ఊడి చేతిలోకి వస్తున్నాయి. మోడల్ లారీ మీద తెలుగు అక్షరాలు రాయాలన్నా ఇదే బాధ. దారేమిటి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: గుండ్రటి గుర్తుని వలయాలుగా కోయనే వద్దు. బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ కదా. మూడు సైజుల్లో మూడు గుండ్రటి రంధ్రాలు చేసుకోండి. ముందు పెద్ద రంధ్రంలోంచి తెలుపు కొట్టండి, ఆరాక అదే రంధ్రంలోంచి కాషాయం. తర్వాత మధ్య సైజుతో తెలుపు, చివర చిన్నదానితో ఆకుపచ్చ. బూడిదరంగు మీద నేరుగా కాషాయం కొడితే మట్టిరంగులా తేలిపోతుంది, అందుకే కింద తెలుపు తప్పనిసరి.

మూడూ ఒకే కేంద్రం మీద కూర్చోవాలంటే, రంధ్రం కోయకముందే ఫిల్మ్ మీద కేంద్రం గుండా ప్లస్ ఆకారంలో రెండు గీతలు సూదితో గీయండి. మోడల్ మీద గుర్తుకి బయట నాలుగు వైపులా మాస్కింగ్ టేపు ముక్కలు అంటించి, వాటిమీద పెన్సిల్ గీతలు పెట్టండి. గీత మీద గీత కూర్చుంటే చాలు. 2 నుంచి 5 మిల్లీమీటర్ల రంధ్రాలకి తోలు పనివాళ్లు వాడే పంచ్ అన్నిటికన్నా శుభ్రంగా పడుతుంది, కత్తితో అంత గుండ్రంగా రాదు.

తెలుగు అక్షరాల సంగతి వేరు. సున్న, ర, వ లాంటి వాటిలో లోపలి ముక్క నిలవాలంటే ఎదురెదురుగా రెండు వంతెనలు (కోయకుండా ఉంచే సన్న పట్టీలు) వదలాలి. ఒక్కటే వదిలితే గాలికి ఆ ముక్క పైకి లేస్తుంది. వంతెన వెడల్పు అర మిల్లీమీటరుకి తగ్గితే కడిగేటప్పుడు తెగుతుంది. రంగు ఆరాక ఆ ఖాళీలని అదే రంగుతో సన్న బ్రష్ పెట్టి పూడ్చేయండి. వంతెన జాడే వద్దనుకుంటే ఒకే అక్షరానికి రెండు స్టెన్సిళ్లు చేసి, మొదటిదాంట్లో వంతెన ఉన్నచోట రెండోదాంట్లో రంధ్రం ఉంచండి. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న తెలుగు అక్షరాలకి మాత్రం చేత్తో కోసే స్టెన్సిల్ వద్దు, డెకాల్ షీటే (నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మల షీటు) మేలు.

ప్రశ్న: ఎంత శుభ్రంగా కోసినా రంగు అంచు కిందికి పాకుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. తప్పు చాలావరకు కోతలో ఉండదు, కొట్టడంలో ఉంటుంది.

మొదట గాలి. మామూలుగా 20 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మీద కొట్టే అలవాటుంటే, స్టెన్సిల్‌కి 10 నుంచి 15కి దించండి. గాలి ఎక్కువైతే ఫిల్మ్ అంచుని లేపి, రంగుని దాని కిందికి తోస్తుంది. రెండోది తడి. పడిన రంగు నిగనిగలాడుతూ కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట, ఆ తడి సందులోకి పాకుతుంది. ఒక్కో పొర పడీపడనట్టు, పడగానే మసకబారేలా ఉండాలి. పొరకీ పొరకీ మధ్య బ్రష్‌లోంచి ఉత్త గాలి వదిలి ఆరబెట్టండి. నాలుగైదు పొరలకి నిండుదనం వస్తుంది. మూడోది కోణం. బ్రష్ నిటారుగా, 3 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పక్కవాటంగా కొడితే ఒక అంచు కింద రంగు దూరి, ఎదుటి అంచు దగ్గర నీడలా ఖాళీ మిగులుతుంది. మచ్చ ఎప్పుడూ ఒకే వైపు పడుతోందా? అయితే కోణమే కారణం. చుట్టూ సమానంగా పాకితే తడి గానీ గాలి గానీ ఎక్కువైనట్టు.

ఫిల్మ్ పూర్తిగా ఆనకపోతే మాత్రం ఇవన్నీ సరిచేసినా లాభం లేదు. మళ్లీ ఊడదీయగలిగే రకం స్ప్రే జిగురుని వెనకవైపు పలుచగా కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, పాత నూలుగుడ్డకి రెండుసార్లు అద్ది జిగట తగ్గించాక మోడల్‌కి అంటించండి. రంగు ఆరిన వెంటనే స్టెన్సిల్ తీసేయండి. మందంగా వేసి రాత్రంతా వదిలేస్తే రంగు ఫిల్మ్‌తో కలిసి గట్టిపడి, అంచు పళ్లుపళ్లుగా చిరుగుతుంది.

అంచు మెత్తగా కలిసిపోయే కామఫ్లాజ్ కావాలంటే ఇదే దోషాన్ని పనికి పెట్టుకోవచ్చు. ఫిల్మ్ కింద బ్లూ ట్యాక్ (మళ్లీ ఊడదీయగలిగే జిగట ముద్ద) ఉండలు పెట్టి 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఎత్తండి. ఎంత ఎత్తితే అంచు అంత మెత్తగా వస్తుంది.

ప్రశ్న: హెల్మెట్, విమానం ముక్కు లాంటి గుండ్రటి చోట్ల ఫిల్మ్ ఒదగడం లేదు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఒదగదు. పాలియెస్టర్ గొట్టంలా ఒక దిక్కుకే వంగుతుంది, గిన్నెలా రెండు దిక్కులకి వంగదు. స్టెన్సిల్‌ని బొమ్మకి దగ్గరగా చిన్నగా కత్తిరించి, బయటి అంచు నుంచి బొమ్మ వైపు గాట్లు పెడితే కొంతవరకు సర్దుకుంటుంది. గాట్లు బొమ్మకి 3 మిల్లీమీటర్ల దూరంలోనే ఆగాలి. అంతకన్నా బాగా గుండ్రంగా ఉంటే మాస్కింగ్ టేపే దిక్కు, అది ఒక్కసారికే వస్తుంది. పొలుసులు, తేనెపట్టు గళ్ల లాంటివైతే స్నానానికి వాడే నైలాన్ జాలీని సాగదీసి కట్టండి. కడిగి ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు.

ప్రశ్న: వినైల్ షీటుని లేజర్ షాపులో కోయించవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వద్దు. వినైల్ అంటే పీవీసీ. లేజర్ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకీ యంత్రానికీ హాని. మైలార్ ఇచ్చి కోయించండి. వినైల్‌ని బ్లేడు ప్లాటర్ (కంప్యూటర్ బొమ్మ ప్రకారం బ్లేడుతో కోసే యంత్రం) మీద కోయించవచ్చు, కానీ ఒకటి రెండు వాడకాలకే దాని జిగురు పోతుంది.

ప్రశ్న: కొన్నాళ్లకి అక్షరాలు సన్నబడుతున్నాయి. స్టెన్సిల్ పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పాడవలేదు, రంధ్రాల అంచున రంగు పేరుకుంది. మూడు నాలుగు వాడకాలకి ఒకసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాసేపు నానబెట్టండి, అక్రిలిక్ రంగు మెత్తబడుతుంది. గాజు పలక మీద పరిచి, మెత్తటి టూత్‌బ్రష్‌తో వంతెనల వెంబడి తోమండి, అడ్డంగా తోమితే అవి తెగుతాయి. బాగా వేడి నీళ్లు పోయకండి, ఫిల్మ్ వంకర పోవచ్చు. ఆరాక బటర్ పేపర్ల మధ్య పెట్టి, ఫైల్లో బల్లపరుపుగా దాచండి. చుట్టి పెడితే ఆ చుట్ట అలాగే ఉండిపోయి, తర్వాత మోడల్‌కి ఆనదు.